హీరోగారు ఎక్కిన పద్మిని

“ఈ సీట్లో హీరోగారు కూర్చున్నారండీ!”

పాత కారు అమ్మేవాడి నోట ఈ మాట వచ్చిందా, జేబు గట్టిగా పట్టుకోండి. మద్రాసులో పద్నాలుగేళ్లు ప్రొడక్షను పని చేశాను. షూటింగులకు కార్లు కుదర్చడం నా డ్యూటీల్లో ఒకటి. హీరోగారు కూర్చున్నారని నాతో చెప్పిన కార్లన్నిటిలోనూ ఆయన నిజంగా కూర్చుని ఉంటే, పాపం ఇక నటించడానికి టైమెక్కడిది!

మొన్న విజయవాడలో మళ్ళీ విన్నానీ మాట.

అక్కయ్య ఫోను చేసింది. “తమ్ముడూ, మీ బావకి పిచ్చి పట్టింది. డిపాజిట్టు తీసి పాత కారు కొంటారట. నాలుగు లక్షల పాతిక వేలట! నువ్వొచ్చి చెబితేగాని ఆగరు” అని. మా బావగారు ప్రైవేటు స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెన్షను లేదు. ఆ వడ్డీ మీదే ఇద్దరి మందులూ గడుస్తాయి. రాత్రి బండెక్కి తెల్లారేసరికి దిగాను.

కారు ప్రీమియర్ పద్మిని. 1964లో బొంబాయి కుర్లా ఫ్యాక్టరీ నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, 1974 నుంచి పద్మిని పేరు పెట్టుకున్న ముద్దుల బండి. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు. బొంబాయిలో ఆఖరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. “ఇక దొరకవు సార్, బంగారం కొన్నట్టే” అన్నాడు అమ్మేపెద్దమనిషి. షెడ్డులో కారు పక్కన గోడకి హీరోగారి ఫొటో, దానికి ఫ్రేము! 1976 నాటి చిత్రంలో పాటంతా ఈ కార్లోనే తీశారట. బావగారి కళ్లు అప్పటికే చెమ్మగిల్లాయి. ఆ చిత్రం ఆయన పదకొండుసార్లు చూశారు.

నేను ఫొటో వైపు చూడలేదు. బానెట్టు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది! అంటే మేం వచ్చేముందే స్టార్టు చేసి తిప్పారన్నమాట. పాత ఇంజను గుణం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. “కాఫీ తాగి వస్తాం, చల్లారనివ్వండి” అని బావగారిని లాక్కుపోయాను.

ఇంతకీ నాకీ తెలివి ఊరికే రాలేదు. 1986లో కంపెనీలకు అద్దెకు తిప్పుదామని వడపళనిలో ఒక బ్రోకరు దగ్గర అంబాసిడర్ కొన్నాను. మీగడ రంగు పెయింటు, అద్దంలా మెరుస్తోంది. మా ఆవిడ గాజులు నాలుగూ అమ్మి ఇరవై ఎనిమిది వేలు పోశాను. మొదటి వానకే కాలికింద నీళ్లు! రబ్బరు మ్యాటు ఎత్తి చూస్తే ఫ్లోరు లేదు... తుప్పు మీద రేకుముక్క, దానిమీద తారు. సరే బాగుచేయిద్దామనుకుంటే ఇంజను మీది నంబరు వేరు, ఆర్‌సీ పుస్తకంలో నంబరు వేరు. బండి నా పేరుకి మారనే లేదు. చివరికి తొమ్మిదివేలకి సామాను కింద పోయింది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పట్నుంచీ ఏ పాత కారైనా నేను కిందినుంచి పైకి చూస్తాను. అంబాసిడర్‌కీ పద్మినికీ జీపులాగా విడిగా చాసిస్ ఉండదు. బాడీయే ఎముక. ఫ్లోరూ, తలుపుల కింద గుమ్మాలూ, జాకీ పెట్టే చోటూ తుప్పు తింటే ఇంజను ఎంత బాగున్నా లాభం లేదు. ఇంజను పనికి ఖర్చు ముందే చెప్పగలరు. తుప్పు పని విప్పిన కొద్దీ పెరుగుతుంది.

కాఫీ తాగి వచ్చాక జేబులోంచి అయస్కాంతం తీశాను. పాత స్పీకరులోది, గుడ్డ చుట్టి ఉంచుకుంటాను. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం ఉన్నచోట జారిపోతుంది. వెనక చక్రాల మీదా, డ్రైవరు పక్క గుమ్మం పొడుగునా జారిపోయింది. నిండా మేకప్పే! ఇక ఇంజను. చల్లగా స్టార్టు చేయించి సైలెన్సరు దగ్గర నిలబడ్డాను. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు తాగుతోందని అర్థం, రింగులదాకా పోవాలి. తెల్లపొగ ఎంతకీ తగ్గక, ఆయిలు మీగడలా తెల్లబడిందంటే లోపల నీళ్లు కలుస్తున్నట్టు. నల్లపొగ అయితే చాలావరకు కార్బురేటరుతో పోతుంది. ఈ బండికి కాస్త నల్లపొగ, అంతే. ఇంజను నంబరూ సరిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

టైర్లు కొత్తవన్నాడు. గీతలు కొత్తగానే ఉన్నాయి, పక్కన అచ్చు 1112. అంటే 2012లో పదకొండో వారం తయారీ. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టి ఊపితే కటకటమంది.

అసలు కథ ఆర్‌సీలో ఉంది. తయారైన సంవత్సరం 1984!

“అయితే 1976లో పాట ఎలా తీశారండీ?” అన్నాను.

పెద్దమనిషి ఫొటో వైపు చూశాడు. “నాకు అమ్మినాయన అలాగే చెప్పాడు సార్” అన్నాడు. పాపం, ఆయనా ఆ మాటకి డబ్బు పోసి కొన్నవాడే కాబోలు. వింటేజి అన్నదీ నిలబడలేదు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నదే వింటేజి. దీనికి ఇంకా టైముంది. పైగా రిజిస్ట్రేషను రెన్యూవల్ 2024లోనే చేయించాల్సింది, చేయించలేదు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో కేంద్రం 5,000 నుంచి 10,000 చేసింది కూడా.

బావగారు ముఖం వేలాడేశారు. “వద్దంటావా?” అన్నారు.

“కారు వద్దనలేదు బావా, ధర వద్దన్నాను” అన్నాను.

ఆటోనగర్‌లో ముగ్గురు మెకానిక్కుల్ని విడివిడిగా అడిగాను. కాగితాలు సరిగా ఉండి, తుప్పులేని ఇలాంటి బండి మూడు లక్షల అటూఇటూ అన్నారు. అందులోంచి టింకరింగు, పెయింటుకి డెబ్భై వేలు. టైర్లు, బ్రేకులకి పాతిక. ముందు చక్రాల పనికి పదిహేను. కాగితాలకి పది. విప్పాక బయటపడేదానికి ఇంకో ఇరవై తీసేయండి, ఇది మాత్రం మరచిపోకూడదు సుమా! మిగిలింది లక్షా అరవై వేలు. హీరోగారికి పైసా వేయలేదు. అదే నిజంగా ఆ పాటలోని బండే అయి, రుజువు ఉంటే, నేనే కాస్త పైకి పోయేవాణ్ణి. మోజుకి విలువ లేదని నేననను.

పెద్దమనిషికి కోపం వచ్చింది. మేం లేచి వచ్చేశాం. ఆ రాత్రి బావగారు అన్నం సరిగా తినలేదు. అక్కయ్య నావైపు గుర్రుగా చూసింది, పిలిచింది తానే అయినా!

పదో రోజు ఆయనే ఫోను చేశాడు. రెన్యూవల్ తన ఖర్చుతో చేయించి, లక్షా డెబ్భై అయిదుకి ఇస్తానన్నాడు. కాగితం చేతికొచ్చాకే బావగారు డబ్బిచ్చారు. బండి ఇప్పుడు ఆటోనగర్‌లో టింకరు దగ్గర ఫ్లోరు లేకుండా నిలబడి ఉంది. రోజూ సాయంత్రం బావగారు వెళ్లి చూసొస్తున్నారు.

ఫొటో మాత్రం ఆ పెద్దమనిషి ఇవ్వలేదు. ఫ్రేముతో సహా ఉంచుకున్నాడు. షెడ్డులో ఇంకో ఫియట్ ఉందట.