‘చిన్న బండే కదా’ అనుకుంటే...

మొన్న ఓపీకి అశోక్‌నగర్ నుంచి ఓ పెద్దాయనను ఆయన కొడుకు తీసుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ‘నాలుగు రోజులుగా నాన్నకు మాట తడబడుతోంది, కుడికాలు ఈడుస్తున్నారు. పక్షవాతమేమో సార్’ అన్నాడు. స్కాన్ తీయిస్తే మెదడుకూ పుర్రెకూ మధ్య రక్తం గూడుకట్టి ఉంది.

తలకు దెబ్బేమైనా తగిలిందా అని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. మూడు వారాల కిందట ఇందిరా పార్కులో వాకింగ్ ముగించుకుని వస్తుంటే, సందు మలుపులో ఓ స్కూలు పిల్లాడు ఎలక్ట్రిక్ స్కూటీతో గుద్దాడు. ఆ బండికి చప్పుడుండదు, ఈయనకు వినికిడి తక్కువ. పడ్డారు, లేచారు, బట్టలు దులుపుకున్నారు. ‘చిన్న బండే కదా’ అని ఇంట్లో కూడా చెప్పలేదు. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతున్నారు.

వయసుతో పాటు మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. దానిపై ఉండే సన్నటి సిరలు సాగి ఉంటాయి. చిన్న కుదుపుకే ఒకటి తెగి, రోజుల తరబడి రక్తం కొద్దికొద్దిగా చేరుతుంది. దీన్నే క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటాం. అదృష్టవశాత్తు సకాలంలో వచ్చారు. న్యూరోసర్జన్లు పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేశారు.

‘ఆ సందులో స్పీడ్ బ్రేకర్ వేయమని ఎన్నిసార్లు అడిగినా ఎవరూ పట్టించుకోరు సార్’ అన్నాడు కొడుకు. నిజమే, అడగాల్సిందే. కాసేపాగి, ‘మావాడికీ అలాంటి బండే ఉంది. లాక్ కూడా తీయించాం’ అన్నాడు, తల దించుకుని.

ఆ లాక్ సంగతి తెలుసుకోవాలి. మోటారు 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు వంటి షరతులకు లోబడిన బండికే రిజిస్ట్రేషన్, లైసెన్సు మినహాయింపు. లాక్ తీయిస్తే ఆ మినహాయింపు పోతుంది. అప్పుడు మైనర్ చేతికి బండి ఇచ్చిన తల్లిదండ్రులకు 2019 సవరణ ప్రకారం 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇన్సూరెన్సు ఎలాగూ ఉండదు. వేగం 25 నుంచి 45కు పెరిగితే ఢీకొన్నప్పటి శక్తి మూడు రెట్లు దాటుతుంది. బ్రేకు మీద చెయ్యి పడేలోపు, ఆ ఒక్క సెకనులోనే, బండి ఏడు మీటర్లకు బదులు పన్నెండున్నర మీటర్లు పోతుంది. చిక్కడపల్లి సందుల్లో అంత ఖాళీ ఎక్కడుంది? ఈ బండికి హెల్మెట్ అక్కర్లేదట అంటారు కొందరు. నడిపే పిల్లాడి పుర్రెకు ఆ మినహాయింపు సంగతి తెలియదు.

తలకు దెబ్బ తగిలాక వాంతులు, మత్తు, మూర్ఛ, తికమక, ముక్కులోంచో చెవిలోంచో నీరు లేదా రక్తం కారడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. పైకి బాగానే ఉన్నా మొదటి 24 గంటలు ఒంటరిగా వదలొద్దు. పెద్దవాళ్లలో నెల, రెండు నెలల వరకూ ఓ కన్నేసి ఉంచండి. కొత్తగా తలనొప్పి, మతిమరుపు, నడకలో తూలు, ఎప్పుడూ లేని నిద్రమత్తు వస్తే ‘వయసు కదా’ అని సరిపెట్టుకోవద్దు. రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవారు పడితే, దెబ్బ చిన్నదే అనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. అలాగని భయపడి ఆ మాత్రలను సొంతంగా ఆపేయొద్దు, స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది.