గోత్రం తెలియని వారికీ ఒక సంకల్పం

దేవాలయంలో అర్చన చేయించుకొనే భక్తుణ్ణి అర్చకుడు మొట్టమొదట అడిగేది గోత్రనామాలు. దేశకాలాలను స్మరించి, గోత్రం చెప్పి, ఇంటిల్లిపాది పేర్లు చదివి, వారందరికీ క్షేమం, స్థైర్యం, ధైర్యం, విజయం, అభయం, ఆయురారోగ్యాలు కలగాలని భగవంతుణ్ణి వేడుకోవడమే సంకల్పం. తన గోత్రం తనకు తెలియదన్న భక్తుణ్ణి అర్చకుడు వెనక్కు పంపడు. కాశ్యప గోత్రమని చెప్పి పూజ జరిపిస్తాడు. ప్రాణికోటి యావత్తూ కశ్యప ప్రజాపతి సంతానమేనన్నది అందుకు పెద్దలు చెప్పే కారణం. ఈ చిన్న ఆచారంలో ఎంత పెద్ద ధర్మం ఇమిడి ఉన్నదో ఒక్కసారి ఆలోచించండి. మన గోత్రం కానివాడు, మన దేవుణ్ణి కొలవనివాడు తన విశ్వాసం కారణంగా హింసకు గురైనప్పుడు అతని కోసం మన పూజామందిరంలో దీపం వెలిగించవచ్చునా? వెలిగించవలసిందేనని మన సంప్రదాయమే చెబుతున్నది.

సముద్రతీరాన ఇరవై ఒక్కరు

2015 ఫిబ్రవరిలో లిబియా దేశపు సముద్రతీరాన ఐసిస్ ఉగ్రవాదులు 21 మంది క్రైస్తవుల తలలు నరికి, ఆ ఘోరాన్ని చిత్రీకరించి లోకానికి చూపించారు. వారిలో ఇరవై మంది ఈజిప్టుకు చెందిన కాప్టిక్ క్రైస్తవులు, ఒకరు ఘనా దేశీయుడు. పొట్టకూటి కోసం సిర్తే నగరానికి వలస వెళ్ళిన కూలీలు వారు. ఈజిప్టువారిలో పదమూడు మంది మిన్యా ప్రాంతంలోని అల్ అవుర్ అనే ఒకే పల్లె బిడ్డలు. మరణం ముంగిట నిలిచిన ఆ క్షణంలో వారి పెదవులపై కదలాడింది తమ ప్రభువు నామమే.

సిర్తే అనే పేరు తెలుగువారికీ కొత్త కాదు. అదే ఏడాది జులైలో అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులు అపహరణకు గురయ్యారు. 2016 సెప్టెంబరులో గానీ వారికి విముక్తి లభించలేదు. అన్నాళ్ళూ వారి ఇళ్ళలోని ఆడవారు ఎంత వేదన అనుభవించి ఉంటారో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. గల్ఫు దేశాలకు బిడ్డలను పంపిన ప్రతి తల్లీ ఎరిగిన వేదన అది. అల్ అవుర్ తల్లుల వేదన అంతకంటె వేరైనది కాదు. వారి బిడ్డలు తిరిగి రాలేదు, అంతే తేడా. ఈజిప్టువారి భౌతికకాయాలు 2018 మే నెలలో స్వదేశం చేరాయి. ఆ పల్లెలో వారి స్మృత్యర్థం నిర్మించిన చర్చిలో వాటిని భద్రపరచారు.

ప్రహ్లాదుడు నేర్పిన పాఠం

హిరణ్యకశిపుడు తన కుమారునిలో చూసిన నేరం ఏమిటి? తాను వద్దన్న దైవాన్ని ఆ పసివాడు వదలకపోవడమే. ఏనుగులతో తొక్కించాడు, విషం పెట్టించాడు, కొండ మీది నుంచి తోయించాడు. భాగవత పురాణంలో ఆ ఘట్టం విని కంటతడి పెట్టని ఇల్లాలు ఉండదు. ఒకరి హృదయంలోని భక్తిని బలప్రయోగంతో పెరికివేయాలనుకోవడం అసుర లక్షణమని ఆ కథ చెబుతున్నది. ఆ లక్షణం ఏ దేశంలో, ఏ మతం పేరిట కనబడినా అసుర లక్షణమే.

నృసింహస్వామి వరం కోరుకోమన్నప్పుడు ప్రహ్లాదుడు తండ్రి పాపం తొలగిపోవాలని ప్రార్థించాడు. లిబియాలో ఇద్దరు సోదరులను కోల్పోయిన ఒక కాప్టిక్ యువకుడు అప్పట్లో టెలివిజన్‌లో ఒక మాట చెప్పాడు. హంతకుడే ఎదురుపడితే ఇంటిలోనికి పిలిచి, అతని కళ్ళు తెరిపించమని దేవుణ్ణి వేడుకుంటానని తన తల్లి అన్నదట. చదువు పెద్దగా లేని ఆ పల్లెటూరి తల్లి నోట ప్రహ్లాదుని ప్రార్థనే వినబడలేదూ?

రెండు సందేహాలు

మనవారి కష్టాలే ఇన్ని ఉండగా పరాయివారి కోసం ప్రార్థన ఎందుకని కొందరు ఆస్తికులు అడుగుతారు. 2021 అక్టోబరులో బంగ్లాదేశ్‌లో దుర్గాపూజా మండపాలపై దాడులు జరిగినప్పుడు లోకం మౌనంగా ఉన్నదని మనం నొచ్చుకున్నాం. ఆ నొప్పి ఎరిగిన మనం మరొకరి విషయంలో మౌనం వహించడం న్యాయం కాదు. పైగా ఒక దీపంతో మరో దీపం వెలిగిస్తే మొదటి దీపానికి వెలుగు తరగదు. ప్రార్థనా అంతే.

మతమార్పిడుల మాట ఏమిటన్నది రెండవ సందేహం. ఆ విషయంలో మన ఊళ్ళలో వాదాలున్నాయి. అవి వాదాలుగానే ఉండాలి. వాదించినవాడి ఇల్లు తగలబడుతుంటే చూస్తూ నిలబడమని ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు. 2008 ఆగస్టు 23న, కృష్ణాష్టమి వేళ, ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో స్వామి లక్ష్మణానంద సరస్వతిని, మరి నలుగురిని దుండగులు హతమార్చారు. అది మహాపాపం. ఆ తరువాత, ఆ హత్యతో ఏ సంబంధమూ లేని క్రైస్తవుల ఇళ్ళను తగలబెట్టారు. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి, వేలాదిమంది శిబిరాల పాలయ్యారు. అదీ మహాపాపమే. మొదటి పాపం రెండవదానికి ప్రాయశ్చిత్తం కాజాలదు. ధర్మాన్ని రక్షించుకోగోరేవాడు దానిని తన చేతలలోనే ముందు రక్షించుకోవాలి.

ఏమని ప్రార్థించాలి?

ఇందుకు కొత్త మంత్రాలు అక్కరలేదు. మన దైవాన్ని మార్చుకోనక్కరలేదు, వారి దైవాన్ని మార్చమని కోరనూ కూడదు. నిత్య దీపారాధన ముగిశాక మీ ఇష్టదైవం ఎదుట ఒక్క నిమిషం నిలబడండి. విశ్వాసం కారణంగా చెరసాలలో, అజ్ఞాతంలో, భయంలో బతుకుతున్న వారికి మన సంకల్పంలోని మూడు మాటలు చాలు: స్థైర్యం, ధైర్యం, అభయం. హతులైనవారికి సద్గతి, వారి కుటుంబాలకు ఓదార్పు, హింసించేవారికి సద్బుద్ధి కోరండి.

పితృతర్పణం చివర తల్లీ, తండ్రీ, బంధువూ, గోత్రమూ లేనివారందరూ తృప్తి చెందాలని నీళ్ళు విడిచే సంప్రదాయం మనది. ముక్కూమొగం తెలియని మృతులకు నీళ్ళు విడువగలిగిన మనకు, బతికి బాధపడుతున్నవారి కోసం చేతులు జోడించడం కష్టమా? ఆ నమస్కారం చేసిన మనసులో పక్కవీధి క్రైస్తవ కుటుంబం మీద ద్వేషానికి చోటు మిగలదు. ఆ మేరకు ప్రార్థన ఫలించినట్లే.

ఆ పరమాత్మ సమస్త భీతులకూ అభయమొసగుగాక.