పొత్తికడుపులో గడ్డ: పరీక్షకు ముందు మందు వలదు

పొత్తికడుపును తడిమినప్పుడు చేతికి తగులు గడ్డలన్నియు ఒక్కటి కావు. పేరుకొన్న మలము, నిండిన మూత్రాశయము కూడ గడ్డవలె తోచును. విసర్జనానంతరము అవి తగ్గిపోవును. దగ్గినప్పుడు గజ్జలో ఉబ్బి, పరుండగానే లోనికి పోవునది సాధారణముగా హెర్నియా. అది లోనికి పోక, నొప్పియు వాంతులును తోడైనచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

చరకుడు గుల్మములను ఐదింటిగా చెప్పెను. వానిలో రక్తగుల్మము స్త్రీలకు మాత్రమే కలుగును. అది గర్భమును పోలియుండును. కావుననే పదవ నెల గడచిన పిదపనే చికిత్స చేయవలెనని నియమించెను.

నేడు అంతకాలము వేచియుండ పనిలేదు. మూత్రపరీక్ష, అల్ట్రాసౌండ్ స్కానింగు చేయించినచో అది గర్భమో, గర్భాశయపు కంతియో, అండాశయపు తిత్తియో చాలవరకు తెలియును. అండాశయపు క్యాన్సరు తొలిదశలో నొప్పి లేకయే పెరుగవచ్చును. కావున నొప్పి లేదని ఉపేక్షింపరాదు.

కారణము తెలియకముందు విరేచనమునకై ఆముదము త్రాగుట, గడ్డను మర్దించుట, కాపడము పెట్టుట కూడదు. ముందు రోగనిర్ణయము, పిదపనే ఔషధము.