తులసీదాస్ బలరాం

తులసీదాస్ బలరాం (1936 - 2023) భారత ఫుట్‌బాల్ జట్టులో ఎడమ పార్శ్వాన ఆడిన ప్రఖ్యాత క్రీడాకారుడు. ఇతడు సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో జన్మించాడు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఎదిగి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన జట్టులో ఆడాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మూడు ఆటలలో భారతదేశం చేసినవి మూడే గోల్స్. వాటిలో రెండు, అనగా హంగేరీ, పెరూ జట్లపై చేసినవి, బలరాంవే. మేటి జట్టయిన హంగేరీతో 1-2 తేడాతో మాత్రమే ఓడిపోవడం ఆనాడు సామాన్యమైన విషయం కాదు. 1961లో ఈస్ట్ బెంగాల్ తరఫున కలకత్తా లీగులో 23 గోల్స్ చేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచిన జట్టు సభ్యుడు. అదే సంవత్సరం అర్జున పురస్కారం లభించింది.

ఊపిరితిత్తుల వ్యాధి వలన ముప్పై ఏళ్ళు నిండకమునుపే అంతర్జాతీయ ఆటకు దూరమయ్యాడు. ఈ త్రయంలోని చునీ గోస్వామి, పి.కె.బెనర్జీలు పద్మశ్రీలు కాగా బలరాంకు ఆ గౌరవం దక్కలేదు.