ఆన్‌లైన్‌లో సాంఖ్యక శాస్త్రం: మిగతా 24 మంది

"అన్నా, ఈసారి సంచికకు నువ్వు ఏదో ఒకటి రాసివ్వాలి" అని యూనియన్ సంపాదకవర్గంలోని తమ్ముడొకడు ఫోను చేశాడు. కథలూ కవితలూ నాకు చేతకావు, స్టాటిస్టిక్స్ గురించి అయితే రాస్తానన్నాను. అవతల కాసేపు మాట లేదు. "ఎవరైనా చదువుతారంటావా?" అన్నాడు చివరికి. అతని అనుమానం సబబైనదే. అయినా రాస్తున్నాను. కళాశాల మూతపడి వున్న 2020లో, బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిగా సాంఖ్యక శాస్త్రంలో మొదటి పేపరు నేను ఫోనులోనే చదువుకున్నాను. ఆ పేపరు విషయంలో, క్లాసు ప్రతినిధిగా, నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది. లెక్కలో తప్పు కాదు. లెక్క సరిగ్గానే వుంది. అంచేతనే అది తప్పని తెలుసుకోవడానికి ఆలస్యమయింది.

ముందు ఆ చదువు ఎలా సాగిందో చెప్పాలి. ఆ ఏడు మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయింది. తరవాతి విద్యాసంవత్సరం పాఠాలు ఫోనులోకి వచ్చాయి. మా మాస్టారు తమ ఇంట్లో గోడకు ఒక చిన్న నల్లబల్ల తగిలించి, ఎదురుగా పుస్తకాల దొంతర మీద ఫోను నిలబెట్టి పాఠం చెప్పేవారు. బల్లలో సగమే మాకు కనిపించేది. ఆయన కుడివైపుకు జరిగితే సూత్రం కనబడేది, ఎడమవైపుకు జరిగితే ఆయన కనబడేవారు. పాఠం తరవాత రికార్డు చేసిన వీడియో, వారానికొక చిన్న పరీక్ష పంపేవారు.

నాకు మాత్రం అది మేలే చేసింది. నిజం దాచడమెందుకు? ఇంటర్‌లోనే లెక్కలంటే భయపడి పారిపోయిన బాపతు నేను. తరగతిలో అయితే అర్థం కాకపోయినా తల వూపేవాణ్ణి. ఫోనులో తల వూపి ప్రయోజనం లేదు కదా! ఒకే ముక్కను నాలుగుసార్లు వెనక్కి తిప్పుకుని విన్నా విసుక్కునేవాళ్ళు లేరు. ప్రామాణిక విచలనం అంటే ఏమిటో ఒక రాత్రి పదకొండు గంటలకు, మూడోసారి వింటూ వుండగా తలకెక్కింది.

అది ఎక్కిన తీరు చెబుతాను, జూనియర్లకు పనికొస్తుంది. వారం పరీక్షలో 4, 6, 11 అనే మూడు అంకెలు ఒక పెద్ద సముదాయం నుంచి తీసిన నమూనా అని చెప్పి, ప్రామాణిక విచలనం కట్టమన్నారు. నేను కంప్యూటర్ షీటులో వేసి 2.94 అని రాశాను. తప్పన్నది యంత్రం. జవాబు 3.61 అట. అదే షీటులో రెండు రకాల ఫార్ములాలు వున్నాయనీ, ఒకటి మూడుతో భాగిస్తుందనీ, ఇంకొకటి రెండుతో భాగిస్తుందనీ నాకు తెలియదు. కాగితం మీద వేసి చూశాను. సగటు 7. సగటు నుంచి దూరాలు: 3 తక్కువ, 1 తక్కువ, 4 ఎక్కువ. వాటి వర్గాలు 9, 1, 16, మొత్తం 26. మూడుతో భాగించి వర్గమూలం తీస్తే 2.94, రెండుతో భాగిస్తే 3.61. అంకెలు మూడు వుండగా రెండుతో ఎందుకు భాగించాలి? దూరాలన్నీ కలిపితే ఎప్పుడూ సున్నాయే వస్తుంది. అంచేత మొదటి రెండు దూరాలు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది; దానికి సొంత స్వేచ్ఛ లేదు. పైగా ఆ సగటు కూడా మన మూడు అంకెల నుంచే పుట్టింది కనుక, అది వాటికి అసలు సముదాయపు సగటు కన్నా దగ్గరగా కూర్చుంటుంది. అందువల్ల చెదురు వున్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఒకటి తగ్గించి భాగించడం ఆ తక్కువను సరిచెయ్యడానికే.

మీట నొక్కితే అంకె వస్తుంది. ఎందుకు వచ్చిందో రాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళిన సి.ఆర్. రావు గారి కాలంలో కంప్యూటర్లు లేవు. 102 ఏళ్ళు జీవించి 2023 ఆగస్టులో కన్నుమూసిన ఆ మహనీయుడి పేరు చెప్పి చేతి లెక్కల గొప్ప చాటుకునేంతటి వాణ్ణి కాను కానీ, ఆన్‌లైన్‌లో చదివేవాళ్ళు పక్కన ఒక తెల్లకాగితాల నోటు పుస్తకం పెట్టుకోండి సుమా! నా పేపరు నిలబడింది దాని పుణ్యమే.

ఇక సగటు సంగతి. వీడియోలు ఎవరెంత సేపు చూశారో చెప్పే పట్టిక ఒకటి మాస్టారికి వస్తుండేది. దాని గురించి ఆయన ఒకసారి పాఠంలోనే చెప్పారు. పదిమందిలో ఆరుగురు 50 నిమిషాల పాఠం మొత్తం చూశారనుకోండి, నలుగురు 5 నిమిషాలు చూసి వదిలేశారనుకోండి. సగటు 32 నిమిషాలు. "ఫరవాలేదే, ముప్పావు గంటలో చాలాభాగం చూస్తున్నారే" అనిపిస్తుంది. కానీ 32 నిమిషాలు చూసినవాడు ఆ పదిమందిలో ఒక్కడూ లేడు. అంకెలు రెండు గుట్టలుగా విడిపోయినప్పుడు సగటు ఆ రెంటి మధ్య ఖాళీలో నిలబడుతుంది. మధ్యగతం తీస్తే 50 వస్తుంది, అది మరీ అబద్ధం. గుట్టలు రెండని చెప్పడమే అక్కడ సరైన జవాబు. ఇది విని రాసుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. నా తరగతి గురించే అంటున్నారని మాత్రం తట్టలేదు.

ఇంటి దగ్గర కూర్చుని రాసిన పరీక్షల సంగతి ఎక్కువ చెప్పను. 20 మార్కుల పరీక్షలో అందరికీ 18, 19. ఆ ఒక్క పరీక్షలో మా తరగతి ప్రామాణిక విచలనం దాదాపు సున్నా. ఎందుకో నాకూ తెలుసు, చదివే మీకూ తెలుసు.

సెమిస్టరు చివర ఈ పేపరు ఎలా సాగిందో విద్యార్థుల అభిప్రాయం సేకరించి ఇమ్మని డిపార్ట్‌మెంటు నన్ను అడిగింది. కళాశాల తెరిచాక అదే పేపరుకు పునశ్చరణ తరగతులు పెట్టాలా వద్దా అన్నది దాన్నిబట్టి తేలుతుందన్నారు. నేను ఉత్సాహంగా ఒక ఆన్‌లైన్ ఫారమ్ తయారుచేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తరగతిలో మొత్తం 62 మందిమి. 38 మంది నింపారు. అందులో 31 మంది "బాగా అర్థమవుతున్నది" అన్నారు. అంటే 82 శాతం. రంగురంగుల వృత్తం గీసి, కింద విశ్వాస అంతరం కూడా కట్టాను, కొత్తగా నేర్చిన విద్య కదా! 38 మంది నమూనాకు సూత్రం ప్రకారం అటూ ఇటూ 12 శాతం తేడా రావచ్చు. అంటే 70కీ 94కీ మధ్య. ఎటు చూసినా మూడింట రెండు వంతులకు పైనే. చక్కగా మూడు పేరాల నివేదిక రాసి పంపాను.

మర్నాడు మాస్టారి నుంచి ఒకే వాక్యం వచ్చింది: "మిగతా 24 మంది ఏమన్నారు?"

ఏమీ అనలేదండీ, వాళ్ళు నింపలేదు అని జవాబిచ్చాను. ఆయన ఫోను చేశారు. కోప్పడలేదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి గిన్నెంతా తినక్కర్లేదు, ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటాం. నిజమే, కానీ ఎప్పుడు చాలు? గరిటెతో అడుగు దాకా కలిపినప్పుడు. పైపైన మెతుకులు 38 కాదు, 380 పట్టి చూసినా అడుగంటిందో లేదో తెలియదు. "నువ్వు కట్టిన ఆ 12 శాతం, గిన్నె కలిపాక కూడా చేతికి ఏ మెతుకు తగులుతుందో చెప్పలేం గనక వచ్చే తేడా. కలపకపోతే వచ్చే తేడాకు ఆ సూత్రంలో చోటు లేదు" అన్నారు.

ఇది ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. మా పాఠంలోనే వుంది, నేను పరీక్షకు చదివాను కూడా. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి నమూనా బ్యాలెట్లు పోస్టులో పంపింది. టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి చిరునామాలు ఏరుకుంది. ఆర్థికమాంద్యపు రోజులవి, ఫోనూ కారూ అందరిళ్ళలో వుండేవి కావు. సుమారు 24 లక్షల మంది తిప్పిపంపారు. అంతమంది జవాబులు చూసుకుని ఆ పత్రిక లాండన్ గెలుస్తాడన్నది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. యాభైవేల మందిని అడిగిన జార్జ్ గాలప్ మాత్రం గెలిచేదెవరో సరిగా చెప్పాడు. పత్రిక 1938లో మూతపడింది. చిరునామాలు ఏరుకోవడంలోనే కాదు, తిప్పిపంపినవాళ్ళకూ పంపనివాళ్ళకూ తేడా వుండడంలో కూడా దాని పతనం వుందని తరవాతివాళ్ళు తేల్చారు. ఫోనున్నవాళ్ళను పట్టుకుని దేశాన్ని చూశామనుకున్న ఆ పత్రికను చూసి నవ్వుకున్న నేనే, నెట్టున్నవాళ్ళను నెట్టులో అడిగి తరగతిని చూశాననుకున్నాను.

నెట్టు ఎందరికి వుందో తెలియక కాదు. జాతీయ నమూనా సర్వే 75వ విడత, 2017-18లో జరిగినది, దేశంలో 23.8 శాతం కుటుంబాలకే ఇంటర్నెట్ సదుపాయం వుందని చెప్పింది. పల్లెల్లో అయితే 14.9 శాతమే. ఆ అంకెలు ఎలా వచ్చాయో గమనించండి. మహలనోబిస్ గారి పూనికతో 1950లో మొదలైన ఆ సర్వేలో మనుషులు గడప గడపకూ వెళ్ళి అడుగుతారు. లింకు పంపి ఊరుకోరు.

నేను గడపలు ఎక్కలేను గనక ఫోను పట్టుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. మొదట దొరికినవాడు పాలకొండ వైపు మిత్రుడు. ఫారమ్ ఎందుకు నింపలేదురా అంటే, "ఒరే, నెట్టు లేదని నెట్టులోనే సెప్పమంటావేట్రా?" అన్నాడు. నాలుగు రోజుల్లో విన్న మాటలన్నిటికీ అదే మకుటం.

24 మందిలో ముగ్గురి నంబర్లు పలకలేదు. 21 మంది మాట్లాడారు. ఐదుగురు "బాగానే అర్థమయింది, బద్ధకించి నింపలేదు" అన్నారు. 16 మందికి అర్థం కాలేదు. వీళ్ళలో ఏడుగురి ఇళ్ళలో ఫోను ఒక్కటే. పదో తరగతి తమ్ముడికో చెల్లెలికో అదే సమయానికి పాఠం. నలుగురికి సిగ్నల్ లేదు. పాడేరు వైపు అమ్మాయి ఒకామె ఊరి పైనున్న గట్టెక్కితేగానీ ఫోను మోగదు. వాన పడితే పాఠం లేనట్టే. ముగ్గురు నాన్నలకు పనులు పోయి తామే పనికి వెళుతున్నారు. మిగిలిన ఇద్దరికీ ఫోనూ వుంది, నెట్టూ వుంది. అర్థం కాలేదని అందరూ వింటుండగా మైకు తెరిచి అడగడానికి సిగ్గుపడ్డారు. ఆ ఇద్దరి గురించే నేను ఎక్కువ ఆలోచించాను, ఏ సర్వే పట్టికలోనైనా వాళ్ళు సదుపాయం వున్నవాళ్ళ కిందికే వస్తారు.

మళ్ళీ లెక్క కట్టాను. అర్థమయినవాళ్ళు 31కి 5 కలిపితే 36. మాట్లాడిన 59 మందిలో 61 శాతం. దొరకని ముగ్గురూ అర్థమయినవాళ్ళే అనుకున్నా 63 శాతానికి మించదు, కాదనుకుంటే 58. అంటే నేను గర్వంగా గీసిన 70–94 గీతల మధ్యకు అసలు జవాబు రానే రాలేదు. పైగా అవతల 62 మందే వుండగా 38 మందిని చూసినప్పుడు ఆ తేడా 12 కన్నా ఇంకా తగ్గించాలి. అలా తగ్గించి వుంటే ఇంకా ధీమాగా, ఇంకా తప్పుగా చెప్పి వుండేవాణ్ణి.

ఈలోపల మొదటి నివేదిక మీద సమావేశం జరిగిపోయింది. విద్యార్థులు సంతృప్తిగా వున్నారు, పునశ్చరణ అక్కర్లేదు అని రాసుకున్నారు. ఆ రాతకు ఆధారం నా సంతకం. రెండో కాగితం పట్టుకుని మాస్టారితో పాటు వెళ్ళి, మొదటిది నా పొరపాటని చెప్పుకోవలసి వచ్చింది. గొంతు వణికిందని ఒప్పుకుంటాను. కళాశాల తెరిచాక పది సాయంత్రాలు తరగతులు పెట్టారు. నల్లబల్ల మొత్తం కనిపించింది. నాణెం చేత్తో ఎగరేసి బొమ్మా బొరుసూ లెక్కపెట్టాం. పదహారు మందిలో చాలామంది గట్టెక్కారు, అందరూ కాదు. పాడేరు అమ్మాయి సప్లిమెంటరీలో రాసి పాసయింది. ఆ పది రోజులూ సెమిస్టరు మధ్యలో వుండివుంటే ఆమెకు ఆ అవసరం వచ్చేది కాదు. నేను ఆ ఫోన్లు ముందే చేసివుంటే వుండేవి కాబోలు.

ఆన్‌లైన్ చదువు ఆ రోజులతో పోలేదు. 2017 జూలైలో మొదలైన 'స్వయం'లో సాంఖ్యక శాస్త్రం కోర్సులు వున్నాయి. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా దాని ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యు.జి.సి. 2021 నిబంధనలు చెబుతున్నాయి. వద్దని నేను అనను, నా భయం వదిలించింది అలాంటి చదువే. చేరేవాళ్ళకు నోటు పుస్తకం సంగతి చెప్పాను. క్లాసు ప్రతినిధులకు మాత్రం ఒక మాట: ఫారమ్ పంపండి, కానీ పక్కన హాజరుపట్టీ పెట్టుకుని నింపనివాళ్ళ పేర్లు మొదట రాసుకోండి.

నా నోటు పుస్తకం, ఆ రెండు నివేదికల నకళ్ళతో సహా, డిపార్ట్‌మెంటు లైబ్రరీలో ఇచ్చి వచ్చాను. n బదులు n−1 ఎందుకో వేసుకున్న కాగితం నాలుగో పేజీలో వుంది. రెండు చోట్ల కొట్టివేతలున్నాయి, కంగారుపడకండి.