నెలకు వెయ్యి నుంచి నలభై రెండు వేల దాకా

దేశంలో సైన్స్ చదివేవాళ్లలో అమ్మాయిలే ఎక్కువ. 2021-22 అఖిల భారత ఉన్నత విద్య సర్వే లెక్కన డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా సైన్స్ విద్యార్థులు 57.2 లక్షల మంది. అందులో అమ్మాయిలు 29.8 లక్షలు. పరిశోధన చేసేవాళ్ల దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. 2018 నాటికి మన పరిశోధకుల్లో మహిళలు 16.6 శాతం, అంటే ఆరుగురిలో ఒకరు. ప్రపంచ సగటు ముగ్గురిలో ఒకరు.

మరి మిగతావాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారు? వత్సవాయి మండలంలో పత్తి, మిరప వేసుకునే ఇంట్లో ఈ ప్రశ్న మూడుసార్లు ఎదురవుతుంది. పది అయ్యాక జగ్గయ్యపేటతో సరిపెట్టాలా, విజయవాడ హాస్టల్లో చేర్చాలా? ఇంటర్ అయ్యాక బీటెక్కా, బీఎస్సీనా? డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీనా, పెళ్లా? 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసింది. అలాంటి ఏడాది వస్తే ముందు కోత పడేది అమ్మాయి చదువు ఖర్చుకే.

ఈ ఖర్చుకు ఆసరాగా ఉండే స్కాలర్‌షిప్పుల్లో మొదటి మెట్టు ఎన్‌ఎంఎంఎస్. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రాసే పరీక్ష ఇది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా రూ.12,000 వస్తుంది. నాలుగేళ్లకు 48,000, నెలకు వెయ్యి. దేశం మొత్తానికి ఏటా లక్ష మందికి ఇస్తారు.

ఇంటర్ తర్వాత రెండు దారులు. బీటెక్ వైపు వెళ్తే ఏఐసీటీఈ ప్రగతి ఉంది. ఇది అమ్మాయిలకే. ఏడాదికి 50,000, నాలుగేళ్లకు రెండు లక్షలు. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. బేసిక్ సైన్స్ వైపు వస్తే ఇన్‌స్పైర్-షీ. పేరులో షీ ఉంది కదా అని అమ్మాయిలకే అనుకోవద్దు, అబ్బాయిలకూ ఇస్తారు. ఏడాదికి 80,000: అరవై వేలు ఖాతాలో పడతాయి, మిగతా ఇరవై వేలు వేసవిలో పరిశోధన ప్రాజెక్టు చేస్తే వస్తాయి. అయిదేళ్లకు నాలుగు లక్షలు. బోర్డులో పై ఒక శాతంలో ఉండాలి, ఇంజినీరింగ్, మెడిసిన్ చదివేవారికి వర్తించదు. చిక్కంతా ఇక్కడే. మన దగ్గర ఆ ఒక శాతంలో ఉన్న పిల్లను బీఎస్సీలో చేర్చే ఇల్లు ఎక్కడుంది? మొత్తం మీద ప్రగతికి రెట్టింపు డబ్బున్నా ఇన్‌స్పైర్ గురించి మన ఇళ్లలో మాటే రాదు.

ఒక శాతంలో లేనివాళ్లకు కేంద్ర స్కాలర్‌షిప్ ఉంది. బోర్డులో పై ఇరవై శాతంలో ఉండాలి, ఆదాయం 4.5 లక్షల లోపు ఉండాలి. డిగ్రీలో ఏటా 12,000, పీజీలో 20,000 ఇస్తారు. సగం అమ్మాయిలకే కేటాయించారు. అయితే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంటుతో కలిపి దీన్ని తీసుకోవడానికి వీల్లేదు. ఏది ఎక్కువో లెక్క వేసుకుని ఒక్కటే ఎంచుకోవాలి.

పీజీకి యూజీసీ ఇచ్చేది నెలకు 15,000, ఏడాదిలో పది నెలలు. మొత్తం పది వేల మందికి, అందులో 30 శాతం మహిళలకు. మెట్టు ఎక్కేకొద్దీ డబ్బు పెరుగుతోంది, అందుకునే చేతులు తగ్గుతున్నాయి.

నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే కథే మారుతుంది. వయసు పరిమితిలో మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు 42,000. అయిదేళ్లకు అక్షరాలా 24 లక్షలు, ఇంటి అద్దె అలవెన్సు అదనం. ఎనిమిదో తరగతి పిల్ల నాలుగేళ్లలో అందుకునే మొత్తాన్ని ఈమె రెండు నెలలు తిరక్కముందే అందుకుంటుంది. చదువు ఆగిపోయేది మాత్రం వెయ్యి రూపాయల దగ్గరే. పథకాలు రాసినవాళ్లు ఈ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టి చూశారని నాకు అనిపించదు.

పెళ్లి, పిల్లల వల్ల ఆగినవాళ్లు తిరిగి రావడానికి కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం మొదలుపెట్టింది. ఇప్పుడది వైజ్-కిరణ్‌లో భాగం. పరిశోధన దారి ఎంత పొడవో తెలియాలంటే ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడులో పుట్టిన గాలి మాధవీలత తేదీలు చూడండి. కాకినాడ జేఎన్‌టీయూలో 1992లో బీటెక్, ఐఐటీ మద్రాసులో 2000లో పీహెచ్‌డీ. 2025 జూన్ 6న ప్రారంభమైన చీనాబ్ రైలు వంతెనకు భూసాంకేతిక సలహాదారు ఆమే.

అర్హత ఉన్నా దరఖాస్తు తిరిగొచ్చేది ఎక్కువగా పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం, పాస్‌బుక్‌లో అసలు ఇంటిపేరే ఉండదు. మూడూ ఒకేలా లేకపోతే డబ్బు ఖాతాకు చేరదు. ఇంకా గడువుందిలే అని వదిలేస్తే చివరి వారంలో సర్వర్ మొరాయిస్తుంది, సచివాలయంలో క్యూ ఉంటుంది.

ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఉంటే దసరా సెలవుల లోపే హెడ్మాస్టరును అడగండి, ఆదాయ ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.