ప్రదర్శనశాలలో చరిత్ర పాఠము

చరిత్ర పాఠమనగా రాజుల పేర్లను, సంవత్సరములను వల్లించుటయే యను భావము ఇప్పటికిని తొలగలేదు. ‘ఇది నిజమని మనకెట్లు తెలిసినది?’ అని విద్యార్థి అడుగనంతవరకు ఆ బోధన సఫలము కానేరదు. ఆ ప్రశ్నను పుట్టించుటకు ప్రదర్శనశాల మిక్కిలి తగిన స్థలము.

చెన్నపట్టణమున 1851లో స్థాపింపబడిన ప్రభుత్వ ప్రదర్శనశాల ఎగ్మూరులో నున్నది. అందు అమరావతి శిల్పములు కలవు. కృష్ణాతీరపు స్తూపశిలలు ఇచ్చటికెట్లు చేరినవను విచారణయే మొదటి పాఠము. 1797లో మెకంజీ ఆ దిబ్బను చూచునప్పటికే అచ్చటి ఇటుకలు, రాళ్లు క్రొత్త కట్టడములకు తరలుచుండెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసునకు పంపిన శిలలలో పెక్కులు 1859లో లండను చేరినవి. కావున మన కన్నుల యెదుట నున్నది శేషమే. లేనిదానిని గూర్చి యోచింపక ఉన్నదానిని సరిగా గ్రహింపజాలము.

రెండవ పాఠము పేరును గూర్చినది. లండను చేరిన శిలలకు ‘ఇలియట్ మార్బుల్స్’ అని పేరు వచ్చినది. కాని అవి చలువరాళ్లు కావు, పల్నాటి సున్నపురాళ్లు. పెట్టిన పేరు వేరు, వస్తువు వేరు.

మూడవ పాఠము చిత్రమును గూర్చినది. కొన్ని ఫలకములపై స్తూపమే చెక్కబడియున్నది. అండము, ప్రాకారము, సింహములు, ఐదేసి ఆయక స్తంభములు అందు కాననగును. శిథిలమైన స్తూపము పూర్వరూపమును ఊహించుటకు ఇవి ముఖ్యాధారములు. అయితే శిల్పి తాను కన్నదానినే చెక్కెనా, లేక ఆదర్శరూపమును చెక్కెనా? విద్యార్థులు తాము చూచినది, పరిచయ ఫలకమున చదివినది, తాము ఊహించినది మూడు వరుసలుగా వేర్వేరు వ్రాసికొనవలయును. పిమ్మట ఉపాధ్యాయుడు ప్రతి ఊహకును ఆధారమడుగవలయును.

చివరి పాఠము మన అభిమానమునకే పరీక్ష. అమరావతి శిలాశకలమొకదానిపై ‘నాగబు’ అను పదమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించి, అది తెలుగు పదమని చూపిరి. ఇది మనకు సంతోషకరమే. అయినను అచ్చటి ప్రాచీన శాసనములు ప్రధానముగా ప్రాకృతమున నున్నవి. ఒక్క పదము ఎంతవరకు సాక్ష్యమిచ్చును? ఎచ్చట ఆగును? ఈ ప్రశ్నను మన బిడ్డలే మొదట అడుగవలయును.

తరతరములుగా తమిళనాట స్థిరపడిన మనకు పూర్వుల ఘనతను బిడ్డలకు చెప్పుట సులభము. పరులు ప్రశ్నించినప్పుడు తడబడక, ఆధారముతో బదులు చెప్పు శక్తి నిచ్చుట కష్టము. పరీక్షకు నిలిచిన గౌరవమే నిలుకడగల గౌరవము.